ఒకటో నంబరు పెట్టె

మా అవ్వ ఇప్పటికీ నేను గోడలకు లైటు స్విచ్చులు బిగిస్తాననే అనుకుంటుంది. చుట్టాలెవరైనా అడిగితే "కరెంటు పని" అని చెప్పి ఊరుకుంటుంది. నేను చూసే స్విచ్చులు వేరు. అడుగున్నర వెడల్పున్న పలచటి ఇనుప పెట్టెలు, ముందు వైపు వైర్లు గుచ్చే రంధ్రాలు, వాటి పక్కన మిణుకుమనే ఆకుపచ్చ లైట్లు. ఒక భవనంలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఈ పెట్టెల ద్వారానే మాట్లాడుకోవాలి. ఇదంతా చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇప్పుడు నేనూ కరెంటు పనే అంటున్నాను.

ఈ పని నాకు నేర్పినాయన సుల్తానాబాద్ వైపు మనిషి. కరీంనగర్‌లో మా చిన్న కంపెనీకి పెద్ద దిక్కు ఆయనే. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన భార్యను వదినా అని. కరీంనగర్ ఆస్పత్రుల నుంచి ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల దాకా ఇద్దరమే తిరిగేవాళ్ళం. మిల్లుల్లో దూది నలుసులు పెట్టెల ఫ్యాన్లలోకి దూరి గూడు కట్టేవి. అన్న చిన్న చిమ్టా పట్టుకుని వాటిని ఒక్కొక్క పోగే లాగుతూ గంటలు గంటలు కూర్చునేవాడు. నాకు ఓపిక తక్కువ. ఊదితే పోతుంది కదా అనేదాన్ని. ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు.

కరీంనగర్‌లో మేము చూసే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మెట్ల కింద చిన్న గది ఉంది. కిటికీ లేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంటే బయటి మాటలు ఒక్కటీ వినపడవు, ఫ్యాన్ల హోరు తప్ప. అక్కడ అన్న మూడు స్విచ్చులను ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక నుంచి మందపాటి కేబుళ్ళతో కలిపాడు. అలా కలిపాక అవి మూడు కావు. బయటినుంచి చూసే ఏ యంత్రానికైనా ఒక్కటే పెట్టె, ఒక్కటే పేరు, ఒక్కటే చిరునామా. లోపల ఒకటి పెద్దరికం చేస్తుంది, మిగతా రెండూ దాని మాట వింటాయి. ఒకటో నంబరుకు ఆ పెద్దరికం ఇచ్చాడు అన్న.

"ఒకటి రెండో దాని చెయ్యి పట్టుకోవాలె, రెండోది మూడో దాని చెయ్యి. గంతటితోని అయిపోలే పిల్లా. మూడోది మల్ల మర్రొచ్చి ఒకటో దాని చెయ్యి పట్టుకోవాలె. గప్పుడు రింగు అయితది. నడుమ ఒకటి సచ్చినా మిగిలిన రెండు ఇటుదిక్కు నుంచి పట్టుకునే ఉంటయి."

"పెద్దదే పోతే?"

"ఇంకోటి పెద్దదయితది. కని పోయినదాని చిరునామానే వాడుకుంటది. బయటోళ్ళకు తెల్వనియ్యదు."

"ఎన్ని రోజులన్నా?"

"మనం సాలు అనేదాక."

ఆయన మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం ఆ గదిలో, ఆ హోరులో, వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది. చచ్చినదాని పేరుతో బతికున్నవి జవాబివ్వడమేమిటి? ఈ పనిలో నాకు నచ్చని సంగతి ఇదొక్కటే. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నచ్చదు.

ఇలాంటి పెట్టెలోకి ఎవరు లాగిన్ కావాలన్నా మొదట ఒక వాక్యం కనపడేలా పెట్టుకోవచ్చు. అందరూ "అనుమతి లేనివారు రాకూడదు" వంటి బెదిరింపు పెడతారు. అన్న ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే రాశాడు: "రింగు సూసి తలుపు మూయుండ్రి." తరువాత ఎవరొచ్చినా మరిచిపోతారని ఆయనకు భయం.

ఆ ఎండాకాలం అన్న చనిపోయాడు. ఆదిలాబాద్ మిల్లు పని ఒక్కడే ముగించుకుని వస్తుంటే, ఘాటు రోడ్డు మీద, బస్సులోనే. పక్క సీటాయన నిద్రపోతున్నాడనుకున్నాడట. నిర్మల్‌లో టీ కోసం దిగుతూ కూడా లేపలేదట. తల కిటికీకి ఆనించి, ఒళ్ళో పనిముట్ల సంచి పెట్టుకుని, అన్న కరీంనగర్ బస్టాండు దాకా కూర్చునే వచ్చాడు. ఎన్నోసార్లు నేను అదే దారిలో ఆయన పక్కన కూర్చుని వచ్చాను. ఆ తరువాత చాలా నెలలు, బస్సులో పక్కన ఎవరైనా కళ్ళు మూసుకుంటే భుజం తట్టి లేపేదాన్ని. తిట్లు తిన్నాను కూడా.

కంపెనీలో ఆయన తాళపుచెవులు నాకిచ్చారు. అప్పటి నుంచి మెట్ల కింది గది తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది.

మొదటి వానలకు ఆ గదిలో చెమ్మ దిగి, పెట్టెలున్న బీరువా వెనక తలుపు వంకరపోయింది. మూడో పెట్టె నుంచి ఒకటో పెట్టెకు తిరిగొచ్చే కేబులు బిరుసుగా వంగి తలుపుకు అడ్డం పడుతోంది. రెండుసార్లు తోశాను, మూసుకోలేదు. నాకు కోపమొచ్చింది. ఆ కేబులు పీకి, చుట్టి పైన పడేసి, తలుపు మూసేశాను. మిగతా రెండు కేబుళ్ళతో మూడు పెట్టెలూ కలిసే ఉన్నాయి, లైట్లన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. పొట్టి కేబులు తెచ్చి నాలుగు రోజుల్లో పెడదామనుకున్నాను. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఉరిమింది. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. నడుమ పెట్టె తట్టుకోలేక ఆగిపోయింది. రింగు ఉంటే ఒకటీ మూడూ అవతలి వైపు నుంచి పట్టుకునే ఉండేవి. నేను ఉండనివ్వలేదు. మూడోది పోయిందని ఒకటోది అనుకుంది. ఒకటోది పోయిందని మూడోది అనుకుని, దాని పేరు, దాని చిరునామా తీసుకుని పెద్దరికం మొదలుపెట్టింది. ఒక ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు పెద్దలు. ల్యాబు రిపోర్టులు దారితప్పాయి, మందుల కౌంటరు ఆగిపోయింది. వెనక భవనంలోని పసిపిల్లల వార్డులో, పిల్లల గుండె కొట్టుకోవడం చూపించే పెద్ద స్క్రీను మీద అంకెలకు బదులు గీతలు వచ్చాయి. గంటన్నర సేపు నర్సులు ఒక్కో బిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నారు. ఆ నర్సుల్లో వదిన ఒకతి. పిల్లలకేమీ కాలేదు. నడుమ పెట్టెను మళ్ళీ లేపాను. ఒకటో పెట్టె మాత్రం కాలిన వాసన వేసి చల్లబడిపోయింది.

మరునాడు పెద్ద డాక్టరుగారు అందరినీ కూర్చోబెట్టి అడిగారు. "ఎట్ల జరిగిందమ్మా ఇది?"

నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మూడో కేబుల్‌తోని రింగు కట్టాలె సార్. అన్న గా కేబుల్ పెట్టకుండనే పోయిండు."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయినవాళ్ళను పొగడడం లోకం తీరు. నేను పోయినాయన నెత్తిన నా తప్పు రుద్దాను. వదిన వెనక వరుసలో కూర్చుని ఉంది. సాయంత్రం తనే ఫోన్ చేసి, "నీ నౌకరికేం పరేషాన్ లేదు గదా పిల్లా" అని అడిగింది. లేదన్నాను. పెట్టేశాక అన్నం తినబుద్ధి కాలేదు, కానీ తిన్నాను.

తరువాత కాలినదాని చోట కొత్త పెట్టె తెచ్చాను, పొట్టి కేబులుతో రింగు కట్టాను. పాస్‌వర్డులు మార్చాను. అన్న రాసిన వాక్యం తీసేసి కంపెనీ బెదిరింపు పెట్టాను. ఆ వాక్యం చదివినప్పుడల్లా నన్నే అంటున్నట్టుండేది, దాన్ని చూడలేకపోయాను. కాలిన పెట్టెను వెనక స్టోరులో పడేయించాను. మెట్ల కింది గదిలో మూడు పెట్టెలూ పోయినదాని చిరునామాతోనే జవాబిస్తూ ఉన్నాయి. మార్చాలంటే ఆస్పత్రి అంతా కాసేపు ఆపాలి. ఎవరూ ఆపనివ్వరు.

దసరా పొద్దున వదిన ఫోన్ చేసింది. "పిల్లా, స్క్రీను మల్ల గీతలు గొడ్తుంది. పోతుంది, వస్తుంది. జర జల్ది రా."

జమ్మికి పోయేలోపు వస్తానని అవ్వకు చెప్పి బయలుదేరాను. దారి పొడుగునా కడిగిన బండ్లు, బంతిపూలు, పసుపు. ఆస్పత్రి ముందు కూడా అంబులెన్సుకు బొట్లు పెట్టి, పోర్టికోలో పూజకు సామాన్లు సర్దుతున్నారు. మెట్ల కింది గదిలో చూస్తే అంతా బాగుంది. రింగు ఉంది. ముందు భవనంలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. వెనక భవనంలోనే.

పసిపిల్లల వార్డులో వదిన బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి అక్కడి వైరు గుచ్చాను. పాస్‌వర్డు కొట్టాను. తెరుచుకుంది. సరిగ్గా చూసేలోపే తెగిపోయింది. మళ్ళీ కొట్టాను. తప్పు పాస్‌వర్డు అంది. మళ్ళీ మళ్ళీ కొట్టాను, అదే జవాబు. అదే చిరునామా, అదే పాస్‌వర్డు. ఒకసారి నన్ను గుర్తుపడుతోంది, ఒకసారి నేనెవరో తెలియదంటోంది. వదిన నా వెనక నిలబడి, ఒక చెయ్యి అద్దాల తొట్టిలోని బిడ్డ మీద వేసి, స్క్రీను వైపు చూస్తోంది. స్క్రీను మీద అంకెలు మాయమై గీతలొచ్చాయి. బిడ్డ మాత్రం ఆమె చేతికింద కాళ్ళు ఆడిస్తూనే ఉంది.

అప్పుడు నాకేం తోచిందో, అన్న పేరు టైపు చేసి, ఆయన పాత పాస్‌వర్డు కొట్టాను.

"ఆయన పేరెందుకు కొడ్తున్నవు?" అంది వదిన.

జవాబు చెప్పేలోపు తెరుచుకుంది. తెర మీద నేను నా చేతులతో తీసేసిన వాక్యం వచ్చింది. రింగు సూసి తలుపు మూయుండ్రి.

వదిన వంగి ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివింది. వార్డులో యంత్రాలు కూస్తూనే ఉన్నాయి, ఆమె గొంతు తప్ప నాకేమీ వినిపించలేదు.

"గిది ఆయన మాటే," అంది.

లోపల ఎవరెవరున్నారో అడిగే ఆదేశం కొట్టాను. మూడు పంక్తులు వచ్చాయి. ఒకటి: మాస్టర్. రెండు: లేదు. మూడు: లేదు. కింద తేదీ ఏదో పాత సంవత్సరం చూపిస్తోంది. అప్పటికి నేనింకా బడికి పోతున్నాను. అప్పుడే చూసి వచ్చిన మూడు పెట్టెలను లేవంటోంది ఎవరు?

"రింగంటె ఏంది పిల్లా?" అంది వదిన మెల్లగా. "ఆనాడు మీటింగుల నువ్వు చెప్పింది గదేనా?"

"ముందు ఇది ఎక్కడున్నదో చూస్త వదినా" అని లేచాను. తప్పించుకున్నానని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

వార్డు బయట వరండాలో ఒక చిన్న స్విచ్చు ఉంది. వార్డు వైర్లతో పాటు వెనక జనరేటర్ షెడ్డుకు పోయే వైరు కూడా దానికే వస్తుంది. ఎప్పుడూ ఆరిపోయి ఉండే ఆ షెడ్డు వైరు లైటు ఆ రోజు గబగబా కొట్టుకుంటోంది. ఆ వైరు వెంట గోడ పట్టుకుని షెడ్డుకు పోయాను.

లోపల అంతా కడిగి ఉంది. జనరేటరుకు పసుపు రాసి, దండ వేశారు. దాని పక్కన స్టూలు మీద, నేను పారేయించిన ఒకటో నంబరు పెట్టె. మూతికి మూడు కుంకుమ బొట్లు, పైన బంతిపూవు, ముందు కోసిన నిమ్మకాయ. ఫ్యాను తిరుగుతోంది. లైట్లన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

ఆస్పత్రి కరెంటు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నా ముఖం చూసి మెచ్చుకుంటాననుకున్నాడు. "సచ్చింది అన్నవు గదమ్మా. సూడు, లేపిన. లోపట కరెంటు పార్టే కాలింది, వేరేదాంట్ల నుంచి తీసి ఏసిన. ఆయుధ పూజనాడు పనిముట్టు సచ్చి పడి ఉండొద్దు. ఒక్కపారన్న తిరగాలె."

"మరి ఈ వైరు గోడకెందుకు పెట్టినవ్ కాకా?"

"వైరు పెట్టకపోతె ముంగటి లైట్లు మెరుస్తలెవ్వు గదా. లైటు లేని దానికి ఏం పూజ చేస్తం?"

ఆయన్ను ఏమనాలి? భక్తితోనే చేశాడు. నేను వైరు పీకేసరికి, వార్డు దిక్కు నుంచి "వచ్చింది, వచ్చింది" అని ఎవరో అరిచారు. మేస్త్రి పూజకు పోయాడు. పెట్టెకు కరెంటు మాత్రం ఉంది. వైరు తీసేసినా దానికేమీ పట్టలేదు. ఫ్యాను అదే తీరుగా తిరుగుతోంది. దానికి తను చచ్చినట్టు తెలియదు, కరెంటు లేనన్నాళ్ళలో గడియారం కూడా వెనక్కి పోయింది. శ్రావణం నాటి ఉరుముల్లో ఆగినది ఆగినట్టే, మళ్ళీ పెద్దరికం చేస్తోంది.

నేను పని అయిపోయిందని వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ల్యాప్‌టాప్‌ను నేరుగా దానికే కలిపి, అది తన లోపల రాసి పెట్టుకున్నవన్నీ చదివాను. అన్న ఉన్నన్ని రోజులూ రింగు పూర్తిగా ఉంది. అన్న పోయిన రోజూ ఉంది. పోయిన పందొమ్మిదో రోజు పొద్దున ఒక పంక్తి: వెనక కేబులు తీసేశారు, రింగు లేదు. నాకు కోపమొచ్చి తలుపు తోసిన పొద్దున అది.

చెరిపేయడానికి ఒక్క ఆదేశం చాలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఆదేశం టైపు కూడా చేశాను. ఎంటర్ కొట్టలేదు. అది నా మంచితనం కాదు. ఆ షెడ్డులో, కుంకుమ బొట్లతో నావైపు చూస్తున్న ఆ పెట్టె ముందు, నాకు భయమేసింది.

తలుపు దగ్గర నీడ పడింది. వదిన. డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు," అంది. "రింగంటె ఏంది?"

చెప్పాను. కేబులు నేనే తీశానని, ఆయన అన్నీ సరిగ్గా పెట్టే పోయాడని, మీటింగులో నౌకరి పోతుందని భయపడి అబద్ధమాడానని, అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు. మిషన్ చర్చి మనిషి, బొట్లున్న చోట చెయ్యి పెట్టదు. అయినా వచ్చి పెట్టె మీద అరచేయి ఆనించింది.

"ఎచ్చగున్నది," అంది. తెర మీది మూడు పంక్తులను చూపించి అడిగింది. "గిదేంది?"

"అది ఒక్కటే ఉన్నదనుకుంటుంది వదినా. మిగతా రెండు లేవనుకుంటుంది."

కింది రెండు పంక్తుల మీద వేలు పెట్టింది. "అంటె దానికి మనమే లేనట్టు," అంది.

తరువాత "బందు పెట్టు" అంది. పెట్టాను. ఫ్యాను నెమ్మదించి, ఆగింది. షెడ్డు ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, నా ఊపిరి నాకే ఇబ్బందిగా వినిపించింది.

"వదినా, మాఫ్ చెయ్యి."

"నాతోటి చెప్తె ఏమొస్తది? నలుగుర్ల అన్నవు. నలుగుర్లనే చెప్పు. నడువు."

పోర్టికోలో అప్పుడే కొబ్బరికాయ కొట్టారు. పెద్ద డాక్టరుగారు, నర్సులు, ఆయాలు, మేస్త్రి, అందరూ ప్రసాదం చేతుల్లో పట్టుకుని ఉన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినపడలేదు. సగం మందికి నేను దేని గురించి మాట్లాడుతున్నానో అర్థం కాలేదు. డాక్టరుగారు చెయ్యి ఊపి, "పండుగపూట అదంత ఎందుకమ్మా, అయిపోయిందాయె" అన్నారు.

"అయిపోలే సార్," అంది వదిన స్తంభం దగ్గర నుంచి. "జర ఇనుండ్రి. పిల్లా, మల్ల చెప్పు. గట్టిగ చెప్పు."

మళ్ళీ చెప్పాను. గట్టిగా. ఆయన తప్పేమీ లేదు, తప్పు నాది, ఆయన పోయాక ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ పోలేదు. ఈసారి అందరూ విన్నారు. మేస్త్రి లడ్డూ నోటి దాకా తీసుకుపోయి ఆపేశాడు. డాక్టరుగారు నావైపు కాక వదిన వైపు చూసి తల వంచారు. ఆమెకు కావలసింది అదేననుకుంటాను. చీర కొంగు సర్దుకుని వార్డు వైపు నడిచింది.

నేను వెనకాలే పరుగెత్తాను. నౌకరి పోతుందని నాకప్పుడు భయం లేదు. నిజానికి పోలేదు కూడా. ఇంకేదో పోతోందని తెలుస్తోంది. వార్డు తలుపు దగ్గర అందుకున్నాను.

"వదినా..."

ఆమె తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. కోపంగా చూడలేదు. వార్డులో కొత్తగా వచ్చిన ఏ తల్లినో చూసినట్టు చూసింది.

"సిస్టర్ అను," అంది. "ఈడ అందరు నన్ను గట్లనే పిలుస్తరు."

ఆ ఆస్పత్రి పని ఇప్పటికీ నాదే. నెలకు రెండుసార్లు పోతాను. సిస్టర్ అంటే పలుకుతుంది. స్క్రీను గురించి అడిగితే ఓపికగా చెబుతుంది. నేను వెళ్తానంటే సరేనంటుంది.